ఆమెన్ దాకా తాళం ఆన్‌లోనే

మా అంబాసిడర్‌లో ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ రెండోది. మొదటిది ప్రార్థనలో పోయింది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి నిజమేనా అని అడుగుతారు. నిజమే. అది పోతున్నప్పుడు నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేనొక్కదాన్నే తెరిచి చూస్తున్నాను. అయినా ఏమీ చెయ్యలేకపోయాను.

బండి మా మావయ్యది, అంటే మా ఆయన తండ్రిది. పోర్టులో క్రేన్ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఓడలోంచి బరువులెత్తి రేవు మీద పసిపిల్లని పడుకోబెట్టినంత మెల్లగా దించేవారని ఆయనతో పనిచేసినవాళ్ళు చెబుతారు. ఆ మెళకువంతా ఉద్యోగంలోనే ఖర్చయిపోయిందేమో, ఇంట్లో ఆయన గ్లాసు బల్లమీద పెడితే పక్కింటికి వినపడుతుంది. బండి తెల్లది, గేరు స్టీరింగ్ పక్కన ఉండే పాత రకం. కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది. దగ్గర్లోని స్టీల్ ప్లాంటు దుమ్ము పడకుండా దాని మీద ఒక దుప్పటి, ఆ దుప్పటి మాయకుండా దాని మీద ఇంకో పాత దుప్పటి.

ఆ బండికి ఒక ఉద్యోగం ఉంది. మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్ళయినా, పోర్టు దగ్గర పాత ఊళ్ళో ఉన్న మా చర్చికి పెళ్ళికూతురు అందులోనే వెళ్ళాలి. మావయ్యే నడపాలి. ఆయన చెల్లెళ్ళు, కూతుళ్ళు, అన్నగారి మనవరాళ్ళు, అందరూ అలాగే వెళ్ళారు. నన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడు మా పుట్టింటికి కూడా ఆ బండే వచ్చింది. తెల్లచీర కట్టుకుని, నెత్తిన ముసుగు వేసుకుని, వెనక సీట్లో బిగుసుకుపోయి కూర్చున్నాను. దారి పొడుగునా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ పెద్దాయనకి నేను నచ్చలేదు కాబోలు అని భయపడ్డాను. ఇంటికి వచ్చాక తెలిసింది, స్టీరింగ్ పట్టుకుంటే ఆయన ఎవరితోనైనా అంతేనని. అప్పుడు ఆయనకి ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

గొడవంతా కిందటి పెళ్ళిలో మొదలైంది. మా చిన్నాడపడుచు కూతుర్ని చర్చికి తీసుకెళ్తుంటే దారిలో సింధియా జంక్షన్ దగ్గర బండి ఆగిపోయింది. ముందు కంటైనర్ లారీ, వెనక కంటైనర్ లారీ, మధ్యలో పువ్వులు కట్టిన మా అంబాసిడర్. మావయ్య బానెట్ ఎత్తి ఏదో విప్పారు, గీకారు, బిగించారు, మళ్ళీ విప్పారు. ఎంతకీ కాకపోయేసరికి పెళ్ళికూతురు ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆ ఆటోలో స్పీకర్లు పెద్దవి. చర్చి గేటు దగ్గర బంధువులకి ముందు పాట వినపడిందట, తర్వాత పెళ్ళికూతురు కనపడిందట. ఆ పిల్ల ఇప్పటికీ ఈ కథ పడీపడీ నవ్వుతూ చెబుతుంది. మావయ్య మాత్రం ఆ రోజు విందులో భోజనం చెయ్యలేదు.

ఈసారి పెళ్ళి పెద్దాడపడుచు కూతురిది. పెద్దాడపడుచుని నేను వదినా అని పిలుస్తాను. మనిషి మంచిదే గాని మొహమాటమంటే ఏమిటో తెలియదు. పెళ్ళి కుదిరిన వారంలోనే వచ్చి తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్నా, నువ్వు ఏటనుకున్నా సరే. నా పిల్లని నడిరోడ్డు మీద నిలబెట్టనేను. ఏసీ కారు అద్దెకి మాట్లాడేత్తాను."

"మాట్లాడుకో," అన్నారు మావయ్య. చేతిలో పేపరు దించలేదు. పేజీ కూడా తిప్పలేదు.

మనవరాలు ఊరుకోలేదు. రుషికొండలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. పగలంతా ఇంగ్లీషులో మీటింగులు నడిపే పిల్ల, తాత దగ్గరికి వచ్చేసరికి తాత భాషలోకి దిగిపోతుంది. "నాను తాత బండిలోనే వత్తాను. తాతే నడపాల. కాదంటే నాను కూడా ఆటోలోనే ఎల్తాను, సూసుకోండి," అంది. వదిన నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

అలా విషయం ఒక్కచోటికి వచ్చి ఆగింది. బండి ఆగకుండా చర్చికి చేరుతుందని వదినకి నమ్మకం కుదిరితే మావయ్య మనవరాల్ని తీసుకెళ్తారు. కుదరకపోతే ఆ పిల్ల అద్దెకారులో వెళ్తుంది, ఈయన ఎవరి బండిలోనో ఓ మూల కూర్చుని వెనకాల వెళ్తారు. ఆ రెండోది జరగనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. మావయ్యా నేనూ రోజుకి ఒక్కసారైనా పోట్లాడుకోకుండా అన్నం తినం, అది వేరే సంగతి.

బండి ఎందుకు ఆగుతోందో నాకు తెలుసు. పాత బండ్లలో ఇంజను పక్కన నల్లమూత ఉన్న చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ అంటారు. దాని లోపల పాయింట్లని రెండు లోహపు ముక్కలు ఉంటాయి. ఇంజను తిరిగినంతసేపూ అవి అంటుకుంటూ విడిపోతూ ఉండాలి. విడిపోయిన ప్రతిసారీ పెట్రోలు అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ పుడుతుంది. అవి విడిపోయినప్పుడు మధ్యలో ఉండాల్సిన ఎడం ఒక అట్టముక్క మందం. అది కాస్త తగ్గినా, కాస్త పెరిగినా బండి మొరాయిస్తుంది. పైగా అవి అరుగుతాయి, మాడతాయి, మన ఉప్పుగాలికి పాడవుతాయి. అందుకే మావయ్య ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు ఆ మూత తీసి, పాయింట్లని గరుకు కాగితంతో గీకి, ఎడం సరిచేసేవారు. ఆయన ఆరాధన షెడ్డులోనే మొదలయ్యేది.

కొన్నాళ్ళుగా ఆయన ఎంత సరిచేసినా ఆ ఎడం సరిపడటం లేదు. తప్పు పాయింట్లది కాదు, ఆయన కళ్ళది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండోదానికి ఎప్పుడంటే "సూద్దాం" అంటారు. ఆ కంటితో ఆ సన్నటి సందు ఆయనకి కనపడటం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. దూరం చూపుకి ఢోకా లేదు, రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ నంబరు మాకంటే ముందు ఆయనే చదువుతారు. దగ్గర చూపుతోనే తంటా. ఎవరూ పైకి అనలేదు. నాకు ముక్కు మీద కోపమే గాని, కొన్ని మాటలు నా నోటికీ రావు.

అందుకని ఈ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఆలోచన చేశాను. నేను స్టీల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేస్తాను. ఎక్కడ ఎంత వేడి ఉందో, ఏ గొట్టంలో ఎంత గ్యాసు పోతోందో చెప్పే సెన్సర్లతోనే నా రోజు గడుస్తుంది. పాత బండికి కూడా అలాంటిదే ఒకటి దొరుకుతుంది. పాయింట్లు తీసేసి ఆ చోట బొటనవేలంత సెన్సర్ బిగించాలి, మధ్యలో తిరిగే కడ్డీకి అయస్కాంతాల ఉంగరం తొడగాలి. ఏదీ దేన్నీ తాకదు కాబట్టి అరగడం లేదు, గీకడం లేదు, సందు చూసుకోవడం అసలే లేదు. ఆన్‌లైన్లో వెతికి మా బండికి సరిపోయే కిట్ తెప్పించాను.

మావయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఏటి కదుల్తాది?"

"ఏదీ కదలదు మావయ్యా."

"కదలనిదాన్ని బాగుసెయ్యడం ఎలగ?"

"బాగుచెయ్యక్కర్లేదు. అది పాడవదు."

"పాడవని సామాను నాను ఇంతవరకూ సూడనేదు. మరి దారిలో ఆగిపోతే ఏటి గీకాల?"

"ఏమీ గీకలేం. తీసేసి కొత్తది పెట్టాలి."

"అదీ సంగతి. మీ పళాంటులో అంతా ఇదే యవ్వారం. ఆగిపోతే పారేత్తారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "సరే మావయ్యా, మీ పాయింట్లే ఉంచుకోండి. పిల్ల అద్దెకారులో చల్లగా వెళ్తుంది," అని కిట్ డబ్బాలో పడేసి లోపలికి వెళ్ళిపోయాను. కాసేపటికి షెడ్డులోంచి దుప్పట్లు దులుపుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే బానెట్ ఎత్తి ఉంది. ఆయన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు, పక్కన నా కోసం స్క్రూడ్రైవర్లు వరసగా పేర్చి పెట్టి.

"మా గుంట కోసం," అన్నారు, మనవరాలి కోసమని. "బేగి కానీ."

ఆ ఆదివారం మధ్యాహ్నం నా జీవితంలో మంచి మధ్యాహ్నాల్లో ఒకటి. మూత తీశాను. పాయింట్లు విప్పి ఆయన చేతికిస్తే రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. లోపలి పళ్ళెం పెట్రోలుతో తుడిచి, సెన్సర్ బిగించి, ఉంగరం తొడిగాను. ఆయన నోరు మాత్రం ఆగలేదు. స్క్రూ అలా పట్టుకోకూడదంటారు. ఎర్రతీగ వదులుగా ఉందంటారు. నీకు అన్నం సయించడం లేదేటి, చేతుల్లో బలం లేదంటారు. నిప్పురవ్వకి కరెంటు అందించే కాయిల్‌కి ఒక పక్క ఎర్రతీగ, ఇంకో పక్క నల్లతీగ తగిలించి, మూత పెట్టి, తాళం ఆయనకే ఇచ్చాను. ఇంకా పూర్తిగా తిప్పారో లేదో, ఇంజను అందుకుంది.

అలాంటి చప్పుడు ఆ బండి నోట మేమెప్పుడూ వినలేదు. దగ్గు లేదు, కుదుపు లేదు, ఒకే తీరుగా నడుస్తోంది. మావయ్య దిగి వచ్చి బానెట్ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు.

"బాగుంది గాని, ఇదివరకు నాతో మాట్లాడేది. ఇప్పుడు నాతో పని లేనట్టుంది," అన్నారు.

"మీరు నడపకపోతే అది ఎక్కడికి వెళ్తుంది మావయ్యా?" అన్నాను.

ఆ మాట ఆయనకి నచ్చింది. చొక్కా మార్చుకుని వచ్చి నన్ను ఎక్కించుకుని సరాసరి గాజువాకలో వదిన ఇంటికి పోనిచ్చారు. సాయంత్రం రద్దీలో పాత గాజువాక జంక్షన్ దగ్గర అరంగుళం అరంగుళంగా కదులుతూ వెళ్ళాం. బండి కిమ్మనలేదు. వదిన ఇంటి ముందు ఆపారు గాని ఇంజను ఆపలేదు. వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని, టీ తాగి, ఇంకో టీ అడిగి తాగారు. అంతసేపూ బండి అలా నడుస్తూనే ఉంది. వదిన కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"సరే నాన్నా," అంది చివరికి. "కానీ పెళ్ళికి ముందురోజు అయ్యగారు వచ్చి బండి మీద ప్రార్థన సెయ్యాల. అప్పుడు గాని నా పిల్లని ఎక్కించను."

మాలో అది మామూలే. కొత్త ఇల్లయినా, కొత్త కుట్టుమిషనైనా, పాస్టరుగారు వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేనే వాడకం మొదలు. బండికి కొత్త ఇగ్నిషన్ పెట్టాం కాబట్టి అదీ కొత్తదాని లెక్కే అని అందరం ఒప్పుకున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక హెచ్చరిక ఉంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో ఎక్కువసేపు ఉంచకూడదు, ఉంచితే సెన్సర్ వేడెక్కి మాడిపోతుంది. ఆ సంగతి మావయ్యకి బిగించిన రోజే చెప్పాను. ఆయన తలూపారు. ఆ తలూపడంలో నిజాయితీ ఉంది. కానీ మావయ్యకి పోర్టు రోజులనుంచీ ఒక అలవాటు కూడా ఉంది. కొత్త క్రేన్ వస్తే రేవు మీద ప్రార్థన జరిగేదట. అందులో డ్రైవరు తన సీట్లోనే కూర్చుని, అంతా సిద్ధంగా పెట్టుకుని ఉండేవాడట. జనం ఆమెన్ అనగానే క్రేన్ కొక్కెం పైకి లేవాలి. అంటే యంత్రం కూడా ఆమెన్ అన్నట్టు. మా ఇంట్లో స్కూటర్ కొన్నప్పుడూ అంతే చేశారు. అంబాసిడర్ విషయంలో కూడా అదే చేస్తారని నాకు ముందే తట్టి ఉండాల్సింది. పెళ్ళి హడావుడిలో తట్టలేదు.

బుధవారం సాయంత్రం. మర్నాడే పెళ్ళి. పెళ్ళికూతురు ఇక్కణ్ణుంచే బయల్దేరాలి కాబట్టి వదినవాళ్ళంతా ముందే మా ఇంట్లో దిగారు. షామియానా కింద చుట్టాలు, వంటల దగ్గర పొగ, పెళ్ళికూతురు రెండు చేతులకీ ఆరని గోరింటాకు. పాస్టరుగారు వచ్చారు. ఈ మధ్యే మా చర్చికి బదిలీ మీద వచ్చిన మనిషి. పాతాయన ప్రార్థన అంటే రెండు మాటల్లో తేలిపోయేది. ఈయన ఏదీ వదిలిపెట్టే రకం కాదు. మేమంతా చేతులు చేతులు పట్టుకుని బండి చుట్టూ నిలబడ్డాం. నా కుడిచెయ్యి వదిన చేతిలో ఉంది. మావయ్య డ్రైవరు సీట్లో కూర్చుని తలవంచుకున్నారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టారు.

కళ్ళు మూసుకోబోతూ ముందు అద్దంలోంచి చూశాను. మీటర్ల దగ్గర చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. తాళం ఆన్‌లో ఉంది. మావయ్య ఆమెన్ కోసం సిద్ధంగా ఉన్నారు.

పాస్టరుగారు అప్పుడే కృతజ్ఞతలు మొదలుపెట్టారు. బండి కోసం, దాన్ని ఇన్నేళ్ళు కాపాడినందుకు, అందులో ప్రయాణించిన వధువులందరి కాపురాల కోసం. నేను దగ్గాను. మావయ్య కదల్లేదు. ఇంకాస్త గట్టిగా దగ్గాను. వదిన నా చెయ్యి నొక్కింది. "వదినా, తాళం..." అన్నాను గొణుగుతూ. ఈసారి గోళ్ళు దిగాయి. చుట్టూ పెద్దవాళ్ళు కన్నీళ్ళతో ప్రార్థనలో ఉంటే, చెయ్యి విదిలించుకుని వెళ్ళి తాళం తిప్పే ధైర్యం నాకు లేకపోయింది. ప్రార్థన మధ్యలో కదలకూడదని మాకు ఉగ్గుపాలతోనే నేర్పారు.

పాస్టరుగారి గొంతు తగ్గుతుంది, హమ్మయ్య అయిపోయింది అనుకుంటాను. మళ్ళీ లేస్తుంది. వరుడి కోసం, వరుడి తల్లిదండ్రుల కోసం. రేపటి రోడ్డు కోసం, రోడ్డు మీద లారీల కోసం, ఆ లారీలు నడిపేవాళ్ళ కోసం. పోర్టు కోసం, ఓడల మీద ఉన్నవాళ్ళ కోసం. స్టీల్ ప్లాంటు కోసం. అందులో మొదటి షిఫ్టువాళ్ళ కోసం, రెండో షిఫ్టువాళ్ళ కోసం. ఈయన మూడో షిఫ్టు కూడా మర్చిపోరని నాకు అప్పటికే అర్థమైపోయింది. మర్చిపోలేదు. దేవుడు నన్ను క్షమించాలి, ఆ ఎర్రదీపం తప్ప ఆ ప్రార్థనలో నాకింకేమీ కనపడలేదు.

"ఆమెన్," అన్నారు చివరికి.

"ఆమెన్," అన్నాం అందరం. మావయ్య తాళం తిప్పారు. స్టార్టరు తిరిగింది. ఇంజను పలకలేదు. మళ్ళీ తిప్పారు. తిరిగింది, పలకలేదు. బానెట్ సందుల్లోంచి మాడిన ప్లాస్టిక్ వాసన మెల్లగా బయటికి వచ్చింది.

పాస్టరుగారు పాపం నిజంగానే బాధపడ్డారు. "మరొక్కసారి ప్రార్థన చేద్దామా?" అన్నారు.

"వద్దండీ!" అన్నాం నేనూ వదినా ఒకేసారి. తర్వాత అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది పెళ్ళికూతురే. గోరింటాకు చేతులు గాల్లో పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక, వంగిపోయి నవ్వింది. చివరికి పాస్టరుగారు కూడా నవ్వారు.

వదిన మాత్రం ఫోను తీసి పక్కకి వెళ్ళి అద్దెకారు మాట్లాడేసింది. మావయ్య సీట్లోంచి దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. నేను వెళ్ళి కిటికీ దగ్గర వంగాను.

"నువ్వు సెప్పేవు," అన్నారు. "నాను యిన్నాను. అయినా సేసీసేను. దేవుడికి తొందరగా జవాబు సెప్పాలని."

కొత్త కిట్ రావాలంటే వారం పడుతుంది. ఆయన జేబులోంచి రుమాలు తీసి విప్పారు. పాయింట్లు ఉన్నాయి. శుభ్రంగా గీకి, తుడిచి, మెరుస్తున్నాయి. తీసి నా చేతిలో పెట్టారు.

"మీరు పెట్టండి మావయ్యా, నేను దీపం పట్టుకుంటాను," అన్నాను.

ఆయన షామియానా వైపు చూశారు. ఎవరూ వినడం లేదు.

"నాకు ఆ సందు కనపడతం నేదమ్మా," అన్నారు. "సేనాళ్ళయింది. నువ్వే పెట్టు."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే తిడతారని బానెట్ కిందకి తలపెట్టేశాను.

మాడిన సెన్సర్ పీకేసి, పాయింట్లు బిగించాను. కాయిల్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. అది చల్లారేదాకా ఆగాం, అదృష్టం బాగుండి దానికేమీ కాలేదు. పాయింట్లు పూర్తిగా విడిపోయిన చోట ఇంజను ఆపి ఎడం చూడాలి. దానికి మావయ్య బండి ముందుకెళ్ళి, పాతకాలం హ్యాండిలు గుచ్చి, ఇంజన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పారు. నేను "ఇంకా, ఇంకా, ఆపండి!" అని అరిచాను. వదిన ఫోను దీపం పట్టుకుంది. పట్టుకుని మా ఇద్దర్నీ తిడుతూనే ఉంది.

"సుబలేక తే," అన్నారు మావయ్య. ఎడం చూడ్డానికి ఆయన ఎప్పుడూ పెళ్ళికార్డే వాడతారట. ఇంటికి శుభలేఖ వస్తే ఎవరి పెళ్ళో చూడకముందే ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎందుకు నొక్కి చూస్తారో నాకు అప్పుడు అర్థమైంది. నా సంచిలో కొలిచే గేజీ ఉంది. మనవరాలి కార్డుకి దాన్ని పెట్టి చూస్తే మందం ఎక్కువ తేలింది.

"బంగారం పూత తీసేసి లెక్కెట్టు," అన్నారాయన. ఎంతైనా ఒప్పుకునే మనిషి కాదు.

గేజీతోనే పెట్టాను. స్క్రూ బిగించి, మూత పెట్టి, తలూపాను. మావయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పారు. రెండుసార్లు దగ్గి, ఇంజను అందుకుంది. పాత చప్పుడే. షామియానా కింద అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏసీ కారు మానిపించనేను," అంది వదిన. "అది ఎనకాలే వత్తాది. దార్లో ఇది ఆగితే పిల్లని అందులోకి ఎక్కించేత్తాను. నాను అందులోనే ఉంటాను." న్యాయమే అన్నారు మావయ్య.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. వదిన భర్తా, మా ఆయనా, మిగతా మగవాళ్ళూ ముందే చర్చికి వెళ్ళారు. అంబాసిడర్‌లో మావయ్య నడుపుతుంటే నేను ఆయన పక్కన, పెళ్ళికూతురు ఒక్కతే వెనక సీట్లో తెల్లచీర నలక్కుండా. మా వెనకే వదిన ఎక్కిన అద్దెకారు. గాజువాక దాటాం, శ్రీహరిపురం దాటాం. మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా చెవులు ఇంజనుకే ఇచ్చేశాను. రాత్రి నేను పెట్టిన సందు ఆయనకి చర్చిదాకా తోడు రావాలి, అదొక్కటే నా ప్రార్థన. దానికి ఎవరూ అడ్డురాలేదు.

మల్కాపురం దాటి సింధియా ఇంకాస్త దూరంలో ఉందనగా, మావయ్య ఇండికేటర్ వేసి బండిని ఎడంపక్కకి తీసి ఆపేశారు.

వెనక అద్దెకారు కీచుమని ఆగింది. వదిన తలుపు తీసుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగున వచ్చేసింది. "సెప్పేను కాదేటి, సెప్పేను కాదేటి!" అంటోంది. "తాతా, ఏటయిందీ?" అంది పెళ్ళికూతురు. నేను చెవి పెట్టి విన్నాను. ఇంజను నడుస్తోంది. చక్కగా నడుస్తోంది.

మావయ్య దిగి, ఇటు తిరిగి వచ్చి నా తలుపు తీశారు.

"దిగమ్మా. ఎల్లి అటు కూకో. నువ్వు పట్టు."

ఇంటి సందులో బండిని వెనక్కి తిప్పడానికి తప్ప ఆ స్టీరింగ్ ఆయన నాకెప్పుడూ ఇవ్వలేదు. పెళ్ళిరోజున అయితే కొడుక్కి కూడా ఇవ్వలేదు. "ఏమైంది మావయ్యా? బండి బాగానే ఉంది కదా?" అన్నాను.

"బండి బాగానే ఉంది. నువ్వెట్టింది కదా, ఉంటాది," అన్నారు. వెనక తలుపు మీద చెయ్యి వేశారు. "ఇంతమంది గుంటల్ని పెళ్ళికి తీసుకెళ్ళేను. ఒక్కదాని పక్కనైనా కూకుని మొకం సూడనేదు. దీని పక్కన కూకుంటాను."

వదిన రోడ్డు పక్కనే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మనవరాలు చీర సర్దుకుని జరిగింది. ఆయన మెల్లగా, తెల్లచీర అంచు నలక్కుండా కూర్చుని, ఆ పిల్ల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. గోరింటాకు బాగా పండింది. అది చూస్తూ కూర్చున్నారు.

వదిన వెళ్ళి అద్దెకారు ఎక్కాక, నేను స్టీరింగ్ ముందు కూర్చుని గేరు వేశాను. బండి కదిలింది. సింధియా వచ్చింది, కంటైనర్ లారీలు వచ్చాయి. పైనున్న అద్దంలో వాళ్ళిద్దరూ కనపడుతున్నారు. ఆ పిల్ల ఆయన చెవిలో ఏదో చెబుతోంది, ఆయన నవ్వుతున్నారు. ఆ బండిలో ఆయన మాట్లాడుతూ, నవ్వుతూ ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. చూపు తిప్పుకోలేకపోయాను.

"రోడ్డు సూడమ్మా," అన్నారు వెనకనుంచి. "మమ్మల్ని కాదు."